మెరక మీద స్టేషను

సెప్టెంబరు 8, సోమవారం

శ్యామ్ బాబు ఈరోజు నాకో పని పురమాయించాడు. మా చింతలమెరక రైల్వే స్టేషనుకు చరిత్ర రాయాలట. రైలు సాధన సమితికి ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. మిగతా సభ్యులు ఊళ్లో పెళ్లి లేని రోజున వస్తారు.

"అయ్యగారూ, పనులు మళ్లీ మొదలవుతున్నాయండీ. పెద్దవాళ్లొచ్చిన రోజున వాళ్ల చేతిలో పుస్తకం పెట్టాలి. మీరు వాక్యం చెబితే మంటలొస్తాయి కదా, అలా రాసేయండి," అన్నాడు.

"రైలే రాని స్టేషనుకు చరిత్రేమిటి బాబూ?"

"అందుకే కదండీ మిమ్మల్ని అడిగింది. కనపడని వాటి గురించి ముప్పై ఏళ్ల నుంచి చెబుతున్నారు. మాకెవరికొస్తుందండీ ఆ విద్య?"

సమితి నవ్వింది. నేనూ నవ్వాను, కార్యదర్శిని కాబట్టి.

ఆర్టీసీలో టికెట్లు కొట్టి రిటైరైన ఈ బెంజమిన్ రైలు చరిత్ర రాయడమంటే, గోదావరి దాటించే పంటు నడిపేవాడు వంతెనను పొగిడినట్టే. అయినా ఒప్పుకున్నాను. బైబిలు కాలేజీ గుమ్మం తొక్కకుండా ప్రసంగాలు చేస్తున్నవాడికి ఇదెంత పని?

ముందు స్టేషనులో ఇప్పటికి ఉన్నవేమిటో రాసుకుంటాను. పసుపు రంగు బోర్డు ఒకటి. మూడు భాషల్లో ఊరి పేరు ఉంది, మూడింటిలోనూ రైలు లేదు. టికెట్ల గది ఒకటి. కిటికీకి కంత ఉంది, కంత వెనక పావురాలున్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం, సగం వరకు. ఆ పైన ఇనప వంతెన. దాని కింద పట్టాలు లేవు గానీ గడ్డి బాగా పెరిగింది. పెళ్లి కుదిరిన జంటలు అమలాపురం నుంచి కారు కట్టించుకొచ్చి ఆ వంతెన మీద ఫోటోలు తీయించుకుంటున్నారు. ఇప్పటివరకు మా స్టేషను నుంచి బయల్దేరినవి సంసారాలే.

సెప్టెంబరు 10

చరిత్ర, మొదటి అధ్యాయం.

ఆదియందు వాగ్దానము ఉండెను. అది నిరాకారముగాను శూన్యముగాను ఉండెను.

రెండో వాక్యం కొట్టేయమంటాడు శ్యామ్ బాబు. కొట్టేయను.

మా వైపు రైలు ఎప్పుడూ రాలేదనడం అబద్ధం. తెల్లదొరల కాలంలోనే కాకినాడ నుంచి కోటిపల్లి దాకా, అంటే గోదావరి అవతలి ఒడ్డు దాకా వచ్చింది. యుద్ధం వచ్చి ఆ పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. ఊడబీకిన కూలీల్లో మా తాత ఒకడు. రైల్వేకు మా వంశం చేసిన సేవ అదొక్కటే. గునపం తగిలితే పట్టా గంటలా మోగేదని చెప్పేవాడు. ఆ కాసింత దూరం పట్టాలు మళ్లీ వేయడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది. ఇక గోదావరి దాటి మా దగ్గరికి రావాలంటే ఎన్నేళ్లో దానియేలు ప్రవక్త కూడా లెక్కగట్టలేడు.

ఇశ్రాయేలీయులు అరణ్యంలో నలభై ఏళ్లు తిరిగారని మనం జాలిపడతాం. వాళ్లకు కనీసం మన్నా దొరికింది.

సెప్టెంబరు 15, సోమవారం

సమాధుల దొడ్డి గేటుకి నోటీసు అంటించారు. రెండో నంబరు ప్లాట్‌ఫారం దొడ్డి మీదుగా వస్తుందట. కోనసీమలో ఇది తప్పేది కాదు. చుట్టూ పల్లం, అడుగు తవ్వితే నీళ్లు. ఊరికి ఉన్నది ఒక్క మెరక. శవానికీ మెరకే కావాలి, రైలుకీ మెరకే కావాలి. శవం ముందొచ్చింది గానీ దానికి సాధన సమితి లేదు.

సమాధులను డ్రెయిను అవతల కొత్త స్థలానికి మారుస్తారు. నవంబరు 10లోగా బంధువులు వచ్చి, ఇదిగో ఇది మాది అని చూపించి సంతకం పెట్టాలి. సంతకం పడిన సమాధికి విడిగా గుంట. ఎవరూ రాని వాటన్నిటికీ కలిపి ఒకే గుంట.

సాయంత్రం మందిరంలో అందరూ నా ముఖమే చూశారు. లేచి నిలబడ్డాను. "మృతుల సంగతి మృతులు చూసుకుంటారు, మనం రైలు సంగతి చూద్దాం," అన్నాను. మోషే సమాధి ఎక్కడుందో నేటివరకు ఏ మనిషికీ తెలియదు, దానివల్ల మోషేకి వచ్చిన నష్టమేమిటి అని అడిగాను. ఈ మోషే మాట నాకు బాగా అచ్చొచ్చింది. ఆమెన్లు వచ్చాయి.

వీరాయమ్మ మాత్రం అనలేదు. ఆవిడ ఆమెన్ నేనెప్పుడో పోగొట్టుకున్నాను. ఆరేళ్ల కిందట భర్త, పంటు నడిపే జగ్గయ్య పోతే ఆయన సమాధికి ఈవిడ నీలం టైల్సు వేయించింది. ఆ ఆదివారం నేను సమాధుల అలంకారం మీద ప్రసంగం చేశాను. "కుళాయి ఒక్కటే తక్కువ, వెళ్లి స్నానం చేసి రావచ్చు," అన్నాను. జనం పడీపడీ నవ్వారు. మన్ను మన్నులో కలవాలి, పేరు జీవగ్రంథంలో ఉంటే చాలు, రాళ్లకు తగలేయకండి అన్నాను. ఆ తరవాత చాలా ఇళ్లవాళ్లు రాయి పెట్టడం మానేశారు. నా పరిచర్యలో పండిన పంట అది.

మా ఆవిడ మరియమ్మకు కూడా రాయి లేదు. నేను చెప్పిన మాట నా ఇంటికి వర్తించకపోతే నేనేం బోధకుణ్ణి?

సెప్టెంబరు 16

మరియమ్మది తూర్పు కంచె నుంచి మూడోది. నాకు తెలుసు.

సెప్టెంబరు 18, గురువారం

చరిత్రలోకి రెండో ప్లాట్‌ఫారం కొలతలు కావాలి కాబట్టి దొడ్డికి వెళ్లాను. మరియమ్మ కోసం కాదు.

సర్వేయరు ఉన్నాడు. పేరు సత్యదుర్గారావు, కొత్తపేట మనిషి, నెత్తి మీద సగం వెంట్రుకలు సర్వేకి పోయాయి. గేటు దగ్గరే చెప్పులు విడిచి ఒట్టి కాళ్లతో ముళ్లలో నడుస్తున్నాడు.

"చెప్పులు వేసుకోండి సార్, ఇది గుడి కాదు," అన్నాను.

"ఆయ్, తెలుసండీ. ఎవరో ఒకరి మీద నడుస్తన్నాం కదండీ."

నా చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి.

"పేరున్నవి అరవై మూడండీ. అవి గొడవ లేదు. పేరు లేని మట్టి దిబ్బలు పదకొండు తేలేయి. వాటితోనే తలనొప్పి. ఇన్నిటికి రాయి పెట్టకుండా ఎలా వదిలేసేరండీ మీవాళ్లు?"

"అది విశ్వాసం," అన్నాను.

"ఆయ్, అలాగేనండీ," అని చేతిలోని ట్యాబులో ఏదో నొక్కాడు. దాంట్లో విశ్వాసానికి గడి ఉన్నట్టు లేదు.

పదకొండు దిబ్బలకీ పదకొండు చిన్న జెండాలు గుచ్చాడు, నంబర్లతో. దిబ్బలంటే మాటవరసకే. మూడేళ్ల కిందటి వరదకి నీళ్లు నిలిచి అన్నీ ఒక్కలాగే సాపైపోయాయి. నేను తూర్పు కంచె కోసం చూశాను.

"అది జూలైలో యంత్రం రావడానికి తీసేసేరండీ. కొత్త కంచె లోపలికి వేసేరు."

"ఎంత లోపలికి?"

"అది కాంట్రాక్టరుగారికే తెలియాలండీ."

మూడోది. ఎక్కడి నుంచి మూడోది?

ఈ నాలుగేళ్లలో ఈ దొడ్డికి నేను ముప్పై శవాలతో వచ్చి ఉంటాను. వచ్చిన ప్రతిసారీ తూర్పు వైపు తల తిప్పకుండా నడిచాను. ఎవరికీ తెలియకుండా కాదు, అందరికీ తెలిసేట్టు. చూశారా, అయ్యగారు భార్య సమాధి వైపు కన్నెత్తి చూడరు, అదీ నమ్మకం అంటే, అని జనం అనుకోవాలని. అనుకున్నారు కూడా. నా మెడ నా వాక్యానికి అంత బాగా లోబడింది.

సెప్టెంబరు 19

మళ్లీ వెళ్లాను. కొలతలు నిన్న సరిగ్గా రాలేదు.

సెప్టెంబరు 20

ప్లాట్‌ఫారం వెడల్పు కూడా ఉండాలి కదా చరిత్రలో.

సెప్టెంబరు 22

వాన. గొడుగు వేసుకుని కొలిచాను.

సెప్టెంబరు 25, గురువారం

గంగయ్య ఇంటికి వెళ్లాను. ఊళ్లో ఏ గుంటైనా ఆయన చేతిదే. ఆ కరోనా మే నెలలో మరియమ్మను దింపినప్పుడు ఉన్నది నలుగురం: నేను, గంగయ్య, ముఖాలు కనపడకుండా తెల్ల తొడుగులేసుకొచ్చిన ఇద్దరు మనుషులు. మా అమ్మాయి జెస్సీకి కూడా అప్పుడు జ్వరమే. రాయవరంలో గది తలుపేసుకుని ఫోనులో ఏడ్చింది. నేను పది గజాల దూరంలో నిలబడి ప్రార్థన చేశాను. దగ్గరికి రానివ్వలేదు అని అందరికీ చెప్పాను. రానివ్వకపోవడం నిజమే. వెళ్లనివ్వండి అని నేను అడగలేదన్నది కూడా నిజమే.

గంగయ్యను తిన్నగా అడగలేదు. "స్టేషను చరిత్ర రాస్తున్నాను గంగయ్యా, పాత సమాధుల వరస కావాలి," అన్నాను.

"వరసేంటండీ అయ్యగారూ. ఆ వారంలో అయిదు తవ్వేను. రోజుకోటి. చేతులు బొబ్బలెక్కిపోయేయి. ఎవరు ఏదో నాకేం తెలుస్తుందండీ, అందరూ ఒకేలాంటి సంచుల్లో వచ్చేరు."

"మా ఇంట్లోది గుర్తుందా?"

పొగాకు చుట్ట తీసి నా ముఖంలోకి చూశాడు. "మీకు గుర్తులేదాండీ?"

"నాకుంది. నీకుందా అని."

"మనిషి మన్ను, మన్నుకి ఆనవాలేంటని మీరే కదండీ చెప్పేరు. మీరు చెప్పేక నేనింక చూడ్డం మానేసేనండీ."

నా ప్రసంగాలు ఇంత శ్రద్ధగా వినేవాడు సంఘంలో గంగయ్య ఒక్కడే. చర్చికి రాడు మరి.

అక్టోబరు 5, ఆదివారం

జెస్సీ ఫోను చేసింది. రాయవరం హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నాతో మాత్రం లెక్కగా మాట్లాడుతుంది, రెండు నెలలకోసారి.

నాలుగేళ్ల కిందట రాజమండ్రిలో తల్లి పేరు చెక్కించి నల్లరాయి తెచ్చింది. నేను గుమ్మంలోనే ఆపేశాను. "యాకోబు రాహేలు సమాధి మీద స్తంభం నిలబెట్టాడు డాడీ, నువ్వే నేర్పావు నాకు," అంది. నా వాక్యంతో నన్నే కొట్టింది. "యాకోబు చేసినవన్నీ చేయదగ్గవి కావు," అన్నాను. రాయిని వెనక్కి తీసుకుపోయింది. ఇప్పుడు వాళ్ల పెరట్లో మోటారు పక్కన ఉందట. మాట మాత్రం అప్పటి నుంచి తగ్గించింది.

"పేపర్లో చూశాను. నవంబరు పదో తారీకున సెలవు పెట్టి వస్తున్నా. మమ్మీని నేను దగ్గరుండి మారుస్తా," అంది.

"అలాగే."

"ఏది మమ్మీదో నీకు తెలుసు కదా? నేనసలు చూడలేదు."

"తెలియకపోవడమేమిటే? నేనే కదా దగ్గరుంది."

"అయితే ఫోటో తీసి పంపించు. ఒక్కసారి చూసుకోవాలనుంది."

అబద్ధమాడే పెదవులు యెహోవాకు హేయములు. ఫోటో తీసేది పెదవులు కాదు. వెళ్లి నాలుగో నంబరు జెండా దగ్గర కాస్త గడ్డి పీకి, ఫోటో తీసి పంపాను. నాలుగే ఎందుకంటే వెలుతురు అక్కడ బాగుంది.

అక్టోబరు 6

జెస్సీ ఆ ఫోటోను తన ఫోను తెర మీద పెట్టుకుందట. పొద్దున్నే లేచి చూస్తోందట. నాలుగేళ్లలో మొదటిసారి వరసగా రెండు రోజులు ఫోను చేసింది. "థాంక్స్ డాడీ," అంది.

నాలుగో నంబరు మట్టి.

అక్టోబరు 12, ఆదివారం

చరిత్ర, రెండో అధ్యాయం. శంకుస్థాపనలు.

యొర్దాను దాటినందుకు గుర్తుగా యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టాడు. మావాళ్లు దాటకముందే మూడు నిలబెట్టారు. మొదటిది నేను ఆర్టీసీలో చేరిన ఏడు. ఇప్పుడు అది రజకుల రేవులో ఉంది, బాగా నునుపు తేలింది. రెండోదాన్ని మా వీధి కనకదుర్గ అప్పడాలు ఆరబెట్టుకోవడానికి ఇంటికి మోయించుకుంది. "పేర్లు పైకి ఉంటే అప్పడానికి అచ్చు పడుతుందండీ, అందుకే బోర్లించేను," అని చెప్పింది. మూడోది మాత్రం భద్రంగా ఉంది, దాని చుట్టూ రెయిలింగు కూడా వేశారు. ఎవరెవరు వచ్చారో, ఏ తేదీనో, ఎవరు అధ్యక్షత వహించారో అంతా చెక్కి ఉంది. రాని రైలుకి ఇన్ని పేర్లు.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను.

అక్టోబరు 19, ఆదివారం

ఈరోజు ప్రసంగంలో మోషే మాట తీద్దామని మొదలుపెట్టి మధ్యలో దారి తప్పాను. ద్వితీయోపదేశకాండం చివర చదువుతుంటే తట్టింది. మోషేను పాతిపెట్టింది దేవుడే. ఎవరికీ తెలియదన్నమాట మనుషుల గురించి. పాతిపెట్టినవాడికి తెలుసు.

ముప్పై ఏళ్లుగా ఆ సగం చదవకుండానే ప్రసంగం చేశాను. వీరాయమ్మ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. పాట పాడించి ముగించేశాను.

అక్టోబరు 23

మిగతా పది దిబ్బల వాళ్లకు ఫోన్లు చేస్తున్నాను. వాళ్లు వచ్చి తమది చూపించుకుంటే మిగిలింది మరియమ్మదవుతుంది. జెస్సీకి లెక్కలు నా నుంచే వచ్చాయి.

నాలుగు నంబర్లు పనిచేయడం లేదు. ఒకాయన మస్కట్‌లో ఉన్నాడు, తరవాత చేస్తానన్నాడు. ఇద్దరు ఎత్తలేదు. రామచంద్రపురంలో ఉండే స్టెల్లా ఎత్తింది. వాళ్ల నాన్నది కూడా ఈ వరసలోనే.

"ఎందుకండీ అయ్యగారూ రావడం? పేరు జీవగ్రంథంలో ఉంటే చాలన్నారు కదా మీరు. ఇప్పుడు మళ్లీ ఆఫీసు కాగితంలో కూడా ఉండాలంటారేంటండీ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నాన్న ఎక్కడున్నాడో ఆమెకూ తెలియదు, నన్ను నమ్మి గుర్తు పెట్టుకోలేదు.

అక్టోబరు 28

తుపాను. కరెంటు లేదు.

అక్టోబరు 30, గురువారం

కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. టికెట్ల గది మీద రేకు లేచిపోయింది, పావురాలకు ఇప్పుడు ఆకాశం కూడా దొరికింది. పసుపు బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. లోకంలో అన్నీ గతించినా ఆ బోర్డు గతించదు.

దొడ్డిలో జెండాలన్నీ కొట్టుకుపోయాయి. సత్యదుర్గారావు ఒట్టి కాళ్లతో బురదలో మళ్లీ గుచ్చుతున్నాడు.

"పాత వరస ప్రకారమే కదండీ?" అని అడిగాను.

"ఎలా కుదురుద్దండీ? ఈసారి పడమట నుంచి మొదలెట్టేను. నంబరు ఏదైతే ఏంటండీ, పదకొండు ఉంటే చాలు మాకు."

నాలుగో నంబరు ఇప్పుడు వేరే దిబ్బ. నా కూతురు పొద్దున్నే లేచి చూసుకుంటున్న దిబ్బ ఏదో కూడా ఇప్పుడు నాకు తెలియదు. అబద్ధాన్ని కూడా నిలబెట్టుకోలేకపోయాను.

నవంబరు 2, ఆదివారం

సమాధుల పండుగ. ఈ రోజున నేను దొడ్డికి వెళ్లను. ముప్పై ఏళ్లుగా వెళ్లలేదు. పొద్దు వాలుతుంటే వెళ్లాను. దేనికని ఇక్కడ రాయను. ఇవాళ కొలతలు కావు.

దొడ్డి నిండా జనం, సున్నం వాసన, బంతిపూలు. ఇదే ఆఖరి పండుగ కాబట్టి చచ్చినవాళ్లకు మించి ముస్తాబైన బతికినవాళ్లు. నన్ను చూసి కొందరు కొవ్వొత్తులు వెనక దాచుకున్నారు. వీరాయమ్మ దాచుకోలేదు. జగ్గయ్య టైల్సు తడిగుడ్డతో తుడుస్తోంది.

"రండి అయ్యగారూ. కుళాయి ఇంకా పెట్టించలేదండీ, స్నానానికి ఇబ్బంది పడతారేమో," అంది.

ఆరేళ్లు దాచుకున్న మాట. పడ్డాను.

తరవాత ఆవిడ లేచి, కొవ్వొత్తుల కట్ట పట్టుకుని పేరు లేని వరస వైపు నడిచింది. మొదటి దిబ్బ మీద ఒకటి వెలిగించింది. రెండోదాని మీద ఒకటి. మూడోదాని దగ్గరకొచ్చేసరికి నేను ఆగలేకపోయాను.

"ఇదేమిటి వీరాయమ్మగారూ? వీళ్లు మీకేమవుతారు?"

"ఏమీ కారండీ. మరియమ్మ కోసం పెడుతున్నాను. మా ఆయన పోయినప్పుడు పదిరోజులు గంజి కాచి తెచ్చి తాగించింది, మీకు తెలీకుండా. మీరు నన్ను చర్చిలో కడిగేస్తంటే ఆవిడ మా ఇంట్లో గిన్నెలు కడిగింది."

"మరి అన్నిటి మీదా ఎందుకు?"

"ఏది ఆవిడదో నాకేం తెలుసండీ? అడుగుదామంటే మీరు నా ముఖం చూడరాయె. ఒక్కదాని మీద పెట్టి, అది ఆవిడ కాకపోతే? అన్నిటి మీదా పెడితే వాటిలో ఆవిడ ఉంటది కదా. నాలుగేళ్ల నుంచి ఇంతే." అగ్గిపుల్ల గీసింది. "ఇవాళ ఎటూ వచ్చేరు. చెప్పండి, ఏదండీ ఆవిడది?"

నేను నిలబడ్డాను. గంటసేపు ఆగకుండా ప్రసంగం చేయగల నోరు. పుల్ల ఆవిడ వేళ్ల దాకా కాలింది, విసిరేసింది.

"తెలీదాండీ?"

నేను ఆ వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను.

"అయ్యో తండ్రీ," అంది మెల్లగా. ఎగతాళి చేస్తుందనుకున్నాను, ఆ హక్కు ఆవిడకుంది. చేయలేదు. కట్టలో మిగిలిన కొవ్వొత్తులు నా చేతిలో పెట్టింది. "ఇంకా తొమ్మిదున్నాయి. వంగండి, నాకు మోకాళ్లు నొప్పి."

చెప్పులు విడిచి వంగాను.

నవంబరు 7

శ్యామ్ బాబు వచ్చి చరిత్ర ఎంతవరకు వచ్చిందని అడిగాడు. రెండో ప్లాట్‌ఫారం దగ్గర ఆగిందన్నాను. "అయితే అసలు రైల్వే వాళ్లలాగే రాస్తున్నారండీ," అన్నాడు.

ఒకే గుంట. అందరినీ కలిపి ఒకే గుంట. మన్ను మన్నులో కలవాలన్నది నేనే.

నవంబరు 10, సోమవారం

టికెట్ల గది ముందు టెంటు వేశారు. సత్యదుర్గారావు బల్ల వేసుకుని కూర్చున్నాడు, ఎదురుగా వరస. ఆ స్టేషను మొదలైనప్పటి నుంచి ఆ కిటికీ దగ్గర జనం బారు తీరడం ఇదే మొదటిసారి.

జెస్సీ రాయవరం నుంచి మొదటి బస్సుకే వచ్చింది. సంచిలోంచి మరియమ్మ ఆకుపచ్చ నేత చీర తీసి చూపించింది. ఎముకలు చుట్టడానికట. తల్లి బీరువాలోంచి అది ఎప్పుడు పట్టుకెళ్లిందో నాకు తెలియదు. నాకు తెలియనివాటి జాబితా పెద్దదే.

"పద డాడీ, ముందు చూపించు," అంది.

"జెస్సీ, నేను పంపిన ఫోటో మీ అమ్మది కాదు."

"అంటే?"

"ఏదో ఒకటి తీసి పంపాను. మీ అమ్మది ఏదో నాకు తెలియదు. గుర్తు పెట్టుకోలేదు. నిన్నూ పెట్టుకోనివ్వలేదు."

అరుస్తుందనుకున్నాను. ఫోను తీసి తెర మీది ఆ బొమ్మను చూసింది, మళ్లీ నన్ను చూసింది. తరవాత నా నుంచి నాలుగడుగులు అవతలికి వెళ్లి, చీర గుండెకు పట్టుకుని, ఇనప వంతెన స్తంభానికి ఆనుకుని నిలబడింది.

నా వంతు వచ్చింది.

"ఏ నంబరండీ అయ్యగారూ?" అన్నాడు సత్యదుర్గారావు.

"వేరే ఎవరైనా వచ్చారా పేరు లేనివాటికి?"

"ఒక్కరూ రాలేదండీ."

"అయితే పదకొండూ నావే. రాసుకోండి."

కాగితం నా ముందుకు తోశాడు, నమ్మలేనట్టు. సమాధి నంబరు, హక్కుదారు, చనిపోయినవారితో బంధుత్వం. నేను వరసగా నింపుకుంటూ పోయాను. ఆయన తల వంచి చదివాడు.

"బంధుత్వం దగ్గర అన్నిటికీ భార్య అని రాసేరేంటండీ?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. శ్యామ్ బాబు గొంతే. "పదకొండుమందాండీ అయ్యగారూ! సొలొమోను తరవాత మీరే!" వరసంతా నవ్వింది. ఆరేళ్ల కిందట టైల్సు మీద నవ్వినవాళ్లే చాలామంది.

"అలా కుదరదండీ," అన్నాడు సత్యదుర్గారావు, పాపం నవ్వకుండా. "వీటిలో మగవాళ్లు కూడా ఉంటారు. ఒక్కటే మీ ఆవిడది. మిగతా పది కొట్టేయాలండీ."

కలం ఆయన చేతికిచ్చాను. "కొట్టేయండి సార్. ఏది ఆవిడ కాదో చెబుతూ ఒక్కొక్కటే కొట్టేయండి."

నవ్వు ఆగింది. ఆయన కాగితం వైపు చూశాడు, దొడ్డి వైపు చూశాడు. కలం బల్ల మీద పెట్టి, స్టాంపు తీసి, పదకొండుసార్లు కొట్టాడు.

అప్పుడు చర్రుమని చప్పుడైంది. తిరిగి చూస్తే జెస్సీ. చీరని కొంగు దగ్గర పళ్లతో కొరికి పట్టుకుని నిలువుగా చింపుతోంది. చింపిన ముక్క భుజాన వేసుకుని మళ్లీ చింపింది. నేత చీర, తేలిగ్గా చిరగదు. వీరాయమ్మ వెళ్లి రెండో కొస పట్టుకుంది. నేను వెళ్లబోతే జెస్సీ వద్దన్నట్టు చెయ్యి చూపింది.

పదకొండు ముక్కలు. లెక్కల టీచరు, ఒక్కటీ చిన్నది పెద్దది కాలేదు.

నవంబరు 13, గురువారం

పని అయింది. గంగయ్య మూడు రోజులు తవ్వాడు, నేను తట్ట మోశాను. డ్రెయిను అవతల పదకొండు గుంటలు, ఒకే వరస. కొత్త చోటు పల్లం, మోకాలి లోతుకే ఊట వచ్చింది. తోడి పోసి తోడి పోసి దింపాం. ఎముకలు చూసి ఇది ఆడ, ఇది మగ అని గంగయ్య చెప్పబోతే వద్దన్నాను.

జెస్సీ ఈరోజు బస్సెక్కింది. ఎక్కే ముందు, నాలుగు రోజుల్లో మొదటిసారి, నాతో మాట్లాడింది. "పదకొండు రాళ్లకి చెప్పి వెళ్తున్నా. వాటి మీద ఏం చెక్కాలో నువ్వే రాసి పంపు. మాటలు నీ దగ్గరే కదా ఉంటాయి," అంది. ఇంతవరకు ఒక్క అక్షరం రాలేదు.

శ్యామ్ బాబు చరిత్ర అడగడం మానేశాడు. ఊళ్లో నా పేరు మాత్రం సొలొమోను అని స్థిరపడిపోయింది. టీ కొట్టు దగ్గర పిలిస్తే పలుకుతున్నాను కూడా. ఇంటికొచ్చి ఆ సొలొమోను సంగతి మొత్తం మళ్లీ చదివాను. ఏడువందల మంది భార్యలని రాసి ఉంది. ఎంతమంది గుర్రపు రౌతులో, ఎన్ని రథాలో కూడా లెక్క రాసి ఉంది. ఆ ఏడువందల మందిలో ఒక్కరినైనా ఎక్కడ పాతిపెట్టాడో రాసి లేదు.

ఇన్నిసార్లు చదివాను. ఇవాళే గమనించాను.